గుండిగలో దిగిన మనిషి

హాల్లో కెమెరా ముందు కూర్చుని నవలా రచయిత హజరత్తయ్య గారు వాళ్లమ్మ గురించి చెబుతున్నారు. పక్కగదిలో ప్రూఫులు దిద్దుతున్న ఫరీన్ చేతిలో పెన్సిల్ ఆగింది.

"గుండిగంటే చిన్నది కాదమ్మా. మనిషి దిగి నిలబడొచ్చు. మా అమ్మ అందులో దిగేది. చీర మోకాళ్ల పైకి దోపుకుని, రెండు చేతులా గోడ పట్టుకుని, కాళ్ల కింద ఇసకేసుకుని నడుం తిప్పేది. ఇటు తిప్పి అటు తిప్పతా ఉంటే లోపల ఇసక గరగరలాడేది. నేను పక్కన నిలబడి చూస్తా ఉండేవాణ్ణి. ఎండ. దాహం. ఆ ఇంటామె చెంబుతో నీళ్లు తెచ్చి, పైనించి నా దోసిట్లో పోసింది. మా అమ్మ తోమిన గుండిగలో ఊరంతటికీ అన్నం ఉడకాల. ఆమె కొడుక్కి మాత్రం గలాసు ఇవ్వలా."

యూట్యూబ్ ఛానల్ నుంచి వచ్చిన అమ్మాయి ముక్కు ఎగబీల్చుకుంది. ఎక్కడ ఆగాలో హజరత్తయ్య గారికి తెలుసు. ఎనభై దగ్గరపడినా గొంతు మాత్రం ఇంకా గంటలాగే ఉంది.

ఏళ్ల కిందట, ఆయన చెబుతున్న నవల రాసిపెడుతూ, ఆ ఇసక చప్పుడు కోసం ఫరీన్ ఒక పూటంతా కూర్చుంది. రాసి, కొట్టేసి, ఇంటికెళ్లి స్టీలు తపేలాలో ఇసకపోసి తిప్పి చూసి మళ్లీ రాసింది. గుండిగలో దిగింది షాజాదీ బేగం, ఫరీన్ వాళ్ల జేజి, నాయన తల్లి. భర్త నాగుల్ మీరా పోయాక ఇత్తడి పాత్రలకి కళాయి పూసే ఆయన తిత్తీ పట్టకారూ తనే మోసుకుని ముత్తుకూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. పక్కన నిలబడి దోసిలి పట్టిన పిల్లవాడు అక్బర్, ఫరీన్ నాయన. "ఇక్కడొక పేదతల్లిని పెట్టమ్మణ్ణీ, చదివేవాళ్ల గుండె కరగాల" అని చెప్పి హజరత్తయ్య గారు భోజనానికి లేస్తే, ఫరీన్ జేజిని చెయ్యిపట్టి తీసుకొచ్చి ఆ నవల్లో నిలబెట్టింది. కళాయి పని తీసేసి పెళ్లిళ్లకి వంటపాత్రలు తోమే మనిషిని చేసింది. ఆ నవల ఎన్నిసార్లు అచ్చయిందో! కాలేజీ పిల్లలు ఆ ఘట్టాన్ని స్టేజీల మీద చదివేవాళ్లు. ఆయన కూడా దాన్ని చదివి చదివి, చెప్పి చెప్పి, ఇవాళ తన సొంతం చేసుకున్నాడు.

గడపలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతున్న ఆయన భార్య వెంకటశేషమ్మ హాలు వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించింది.

"మా అత్త గుండిగ తోమిందంటనా? తాగిన గలాసు కూడా కూర్చున్నకాడే వదిలిపెట్టేది ఆ మహాతల్లి. మాగాణి ఉన్నింది, ఇంట్లో పనోళ్లు ఉన్నినారు. ఆమెకేం ఖర్మ?"

"మీరు సార్‌కి చెప్పకూడదా అమ్మా?"

"చెబితే నీకేం తెలుసంటాడు. ఆ మాట రాసింది నువ్వు గదా, నువ్వు చెప్పు."

ఫరీన్ తలెత్తింది. "నేను రాసినానని మీకెట్ట తెలుసు?"

"ఆయన అన్నానికి లేచినాక కూడా నీ పెన్ను ఆడతానే ఉండేదిలే" అని వెంకటశేషమ్మ కాడలన్నీ ఒక పక్కకి ఊడ్చింది.

ఛానల్ వాళ్లు వైర్లు చుట్టుకుని వెళ్లాక, ప్రచురణకర్త పెంచలప్రసాద్ పక్కగదిలోకి వచ్చాడు. హజరత్తయ్య గారి పుస్తకాలన్నీ వేసింది ఆయనే. ఆయన దగ్గరకొచ్చే కొత్తవాళ్ల నవలలు దిద్దిపెట్టేది ఫరీనే. ఆయన చంకలో ప్లాస్టిక్ కవరు చూడగానే ఆమెకి అర్థమైంది. అందులో ఉన్నది ఆమె సొంత నవల. రంజాన్‌కి ముందు ఇచ్చింది.

"చదివినానమ్మా. బాగుంది. అబద్ధమెందుకు, శానా బాగుంది." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కానీ అచ్చం సార్‌ని చదివినట్టే ఉంది. ఆ నడక, ఆ మాట విరుపు, అంతా సారే. ఇన్నేళ్లు ఆయన కాడ పనిచేసినావు గదా, అంటుకుంటది. దానికేం చేస్తాం. నీ గొంతు నీకు రావాల."

ఫరీన్ చేతిలోని పెన్సిల్ బల్లమీద పెట్టింది.

"ఇంకోటి. ఆ గుండిగ. కళాయి ఆమె అని మార్చినావనుకో, అయినా జనం పట్టేస్తారు. ఇప్పుడు విన్నావు గదా, అది సార్ జీవితం. ఆయన తల్లిని తీసుకెళ్లి నువ్వు నవల్లో పెట్టుకుంటే ఏం బావుంటది చెప్పు? రేపు ఆయన ఆత్మకథ వస్తాది. మొదటి అధ్యాయం 'అమ్మ'. ఆ గుండిగతోనే మొదలుపెడదామనుకున్నాం. రేపటి నించే కూర్చో. పండగ లోపల పుస్తకం రావాల."

కవరు బల్లమీద పెట్టి, దానిమీద ఒకసారి చెయ్యేసి, ఆయన వెళ్లిపోయాడు. నవలైతే కల్పన అనుకుంటారు. ఆత్మకథలో అచ్చయితే ఇక అది నిజం. ఆ తర్వాత షాజాదీ బేగం కథ ఫరీన్ ఎక్కడ చెప్పినా దొంగసొత్తే. ఆ దొంగతనం కూడా ఆమె చేత్తోనే రాయించి పెట్టబోతున్నారు.

సాయంత్రం కృష్ణపట్నం బస్సులో సీటు దొరకలేదు. పోర్టులో రాత్రి డ్యూటీకి వెళ్లేవాళ్లు టిఫిను క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తున్నారు. ఫరీన్ కవరుని గుండెకి ఆనించుకుని కమ్మీ పట్టుకుని నిలబడింది. ముత్తుకూరులో దిగి ఇంటికొచ్చేసరికి అక్బర్ వాకిట్లో మంచం మీద కూర్చుని, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. చిన్నప్పటి కళాయి పని పోయి, గ్యాసు పొయ్యిలు బాగుచేసి, ఇప్పుడు అదీ మానేసి, ఆ ఫోనే లోకంగా ఉన్నాడాయన.

"పాపా, ఇట్ట రా. మీ సార్ వచ్చినాడు ఇందులో. అప్పుడే పెట్టేసినారు."

"నేను అక్కడే ఉన్నాను నాయనా."

"నువ్వెప్పుడూ చెప్పలేదే. వాళ్లమ్మ కూడా మా అమ్మ మాదిరే గుండిగలో దిగి తోమిందంట." ఆయన వీడియోని వెనక్కి జరిపాడు. ఇసక, ఎండ, దోసిలి. అక్బర్ చెయ్యి తెలియకుండానే దోసిలిలా వంగింది. "వాళ్లకి కూడా పైనించే పోసినారంట చూడు. హిందువులై ఉండి, రైతులై ఉండి. మనకొక్కళ్లకే అనుకున్నాను నేను ఇన్నాళ్లూ."

ఫరీన్ చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కోవడానికి తొట్టి దగ్గరకెళ్లింది. నాయనకి తెలుగు పుస్తకం చదివే అలవాటు లేదు. నవల్లో ఆయన దోసిలి ఉందని ఆయనకి తెలియదు. ఇప్పుడు చెబితే, తన తల్లిని కూతురే ఇచ్చేసిందని చెప్పాలి. కాళ్లు శుభ్రమైనా నీళ్లు పోసుకుంటూనే నిలబడింది.

"అంత పెద్దాయన" అన్నాడు అక్బర్ వెనకనించి. "ఒకసారి పోయి చూడాల పాపా. ఇట్టాంటి మాట తెలిసినోళ్లు ఇంక ఎవరున్నారు? ఎల్లుండి నీతో పాటు వస్తాను."

"ఆయనకి వంట్లో బాగాలేదు నాయనా. ఎవర్నీ రానీరు."

"గంటలు గంటలు కూర్చోవడానికి పోతున్నానా? ఒక మాట మాట్లాడి వస్తాను" అని ఆయన మళ్లీ వీడియో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆత్మకథ మొదలైంది. హజరత్తయ్య గారు చెప్పే పద్ధతి ఎప్పుడూ ఒకటే. వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ చెబుతారు. నచ్చిన వాక్యం దొరికితే నిలబడి రెండోసారి చెబుతారు. దొరక్కపోతే "ఇక్కడ కొంచెం వర్షం పడనీ" అనో, "ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, నువ్వు చూడు" అనో చేత్తో గాలిలో ఒక గీత గీసి ముందుకెళ్లిపోతారు. ఆ గీత కింద ఎంత చోటుందో ఫరీన్‌కే తెలుసు. మొదట్లో ఒక పేరా. తర్వాత పేజీలు. ఈ మధ్య నవలల్లో గీతలే ఎక్కువ.

ఇవాళ గీతల్లేవు. గుండిగ ఘట్టం ఆయన గొంతులోంచి ఒక్క మాట తడబడకుండా వచ్చింది. ఫరీన్ తన వాక్యాలు తనే మళ్లీ రాసుకుంటోంది. ఎక్కడ కామా పెట్టిందో అక్కడే ఆయన ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఇది ఏ ఊళ్లో సార్?" అంది.

"పాలెంపాడులో."

ఫరీన్ పెన్ను పైకెత్తింది. పాలెంపాడు అనే ఊరు ఎక్కడా లేదు. రెండూళ్ల పేర్లు కలిపి నవల కోసం ఆమే కట్టింది.

"పాలెంపాడు నవల్లో ఊరు సార్."

"అవును. నవల్లోకి యాడ నించి వచ్చింది? నా ఊళ్ల నించే గదా వచ్చేది." విసుగ్గా అన్నా, ఆయన కళ్లల్లో ఎక్కడా బొంకు లేదు. కల్లం గట్టు, వేపచెట్టు, వాకిట్లో ఇంటామె కాళ్ల పట్టీలు, అన్నీ కనపడుతున్నాయి ఆయనకి. ఆ పట్టీలు కూడా ఫరీన్ పెట్టినవే. "రాయి, రాయి. ఆలోచన తెగిపోతాది."

ఫరీన్ రాసింది.

మధ్యాహ్నం గేటు బయటికొచ్చి పెంచలప్రసాద్‌కి ఫోన్ చేసింది. ఆ అధ్యాయం తీసేసి వేరేది రాద్దామంది. సార్ వాళ్లది మాగాణి ఉన్న కుటుంబమని, ఊళ్లో తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారని చెప్పింది.

"ఎవరున్నారమ్మా? అందరూ పోయినారు. ఉన్నోళ్లు పుస్తకాలు చదవరు." అవతల ప్రెస్సులో మిషను చప్పుడు. "జనానికి ఆ అమ్మ కావాల. నీకు మనసు లేకపోతే చెప్పు, తప్పేం లేదు. పాత నవల్లో ఆ అధ్యాయం తీసి 'ఆమె' ఉన్నచోటల్లా 'మా అమ్మ' అని కొట్టించేస్తాను. దానికి రాసేవాళ్లు కూడా అక్కర్లా."

ఫోను పెట్టేశాక ఆమె గేటు చువ్వ పట్టుకుని కాసేపు అక్కడే ఉంది. రాస్తే జేజి కథ తన చేత్తో పోతుంది. రాయకపోతే తను లేకుండా పోతుంది. లోపలినుంచి హజరత్తయ్య గారు కేకేశారు, "అమ్మణ్ణీ, ఇంకా ఎంతసేపు?"

ఆ మర్నాడు తెల్ల లుంగీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్బర్ బస్టాపులో ఆమెకంటే ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో అరడజను అరటిపళ్లు. ఫరీన్ దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి.

హజరత్తయ్య గారు వచ్చిన మనిషిని సంతోషంగానే కూర్చోబెట్టారు. పాఠకులు రావడం ఆయనకి అలవాటే. అక్బర్ కుర్చీ అంచు మీద కూర్చుని, పళ్లు ఎవరికివ్వాలో తెలియక ఒళ్లోనే పెట్టుకున్నాడు.

"వీడియో చూసినానయ్యా. మా అమ్మ కూడా గుండిగల్లో దిగిన మనిషే. కళాయి వేసేది. మీ అమ్మ మాదిరే గోడ పట్టుకుని. మాకూ దోసిట్లోనే పోసినారు నీళ్లు."

"ఆహా" అన్నారు హజరత్తయ్య గారు ముందుకి వంగి. "చూసినావా అమ్మణ్ణీ. ఇదీ కథంటే. ఎవరు చదివితే వాళ్లదే అనుకుంటారు."

ఫరీన్ బల్లమీద కాగితాలు సర్దింది, సర్దినవే మళ్లీ సర్దింది.

"ఇంటికొచ్చినాక మీ అమ్మ ఏం చేసేదయ్యా?" అన్నాడు అక్బర్.

"ఆఁ?"

"సాయంత్రం ఇంటికొచ్చినాక. మా అమ్మకి అరికాళ్లు పగిలిపోయి ఉండేవి. ఇసకా, ఆ కళాయి మందూ. గోరెచ్చటి నీళ్లల్లో కాళ్లు పెట్టుకుని కూర్చుని నన్ను తిట్టేది. వాళ్లనేమీ అనేది కాదు, నన్నే. నీళ్లెందుకు అడిగినావురా, దాహాన్ని ఆపుకోలేవా అని. నాలుగు దెబ్బలేసేది కూడా. మళ్లా అన్నం పెట్టేటప్పుడు గలాసు నా ముందు ఠక్కని పెట్టి, తాగు ఎంత తాగుతావో అనేది." అక్బర్ నవ్వాడు. "మీ అమ్మ తిట్టేది కాదా?"

హజరత్తయ్య గారు నోరు తెరిచారు. చెయ్యి గాలిలోకి లేచింది, గీత గీయబోయినట్టు లేచి అక్కడే నిలిచింది. నవల్లో అధ్యాయం దోసిట్లో నీళ్లతోనే అయిపోతుంది. ఆ తర్వాత చుక్కలు. చుక్కల తర్వాత ఏముందో రాయలేదు గనక ఆయన దగ్గర లేదు.

"మా అమ్మ..." అన్నారు. మళ్లీ "మా అమ్మ" అన్నారు.

వెంకటశేషమ్మ వంటింటి గడపలోనుంచి అంతా వింటోంది. కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "అన్నా, కళాయి తెలుసంటున్నావు గదా. దొడ్లో మా నీళ్ల కాగుకి అడుగున కారతా ఉంది. ఒకసారి చూద్దువు గాని రా. ఆ పళ్లిట్టా ఇయ్యి." అక్బర్ బతికిపోయినట్టు లేచి ఆమె వెనక వెళ్లాడు.

వరండాలో ఇద్దరే మిగిలారు.

"ఆ అధ్యాయం ఎవరు రాసినారు?" అన్నారు హజరత్తయ్య గారు, ఆమెవైపు చూడకుండా.

"నేనే సార్. మీరు అన్నానికి లేచినాక."

"పాలెంపాడు?"

"అదీ నేనే."

ఆయన తన అరచేతులు చూసుకున్నారు. దొడ్లోనుంచి ఇత్తడి మీద వేళ్లతో కొట్టి చూస్తున్న చప్పుడు వచ్చింది.

"అయితే కొట్టెయ్యి" అన్నారు చివరికి. "ప్రసాద్‌తో నేను చెప్తాను."

ఫరీన్ నిన్నటి కాగితాలు తీసింది. పెన్సిల్ కాదు, పెన్నే పట్టుకుంది. ఈ మూలనుంచి ఆ మూలకి గీత గీసింది. జేజి తిరిగొచ్చిందని సంతోషపడాల్సిన చోట, గుండిగలో నిలబడ్డ మనిషిని తనే చేత్తో పట్టి పక్కకి లాగినట్టుంది.

"మరి మా అమ్మ ఏం చేసేది?" అన్నారాయన.

పసివాడు అడిగినట్టు అడిగారు.

"ఏమే" అని లోపలికి కేకేశారు. "మా అమ్మ ఏం చేసేది?"

"నన్నడిగితే? ఆమె కన్నది మిమ్మల్నా నన్నా?" అంది వెంకటశేషమ్మ దొడ్లోనుంచే.

ఆయన లేచి నడవడం మొదలుపెట్టారు. "తెల్లారకముందే మా అమ్మ విసుర్రాయి ముందు కూర్చుని పాడతా ఉంటే..." ఆగి ఆమె ముఖంలోకి చూశారు. "ఇదీ నీదేనా?"

"మా మేనత్త సార్."

"నాకు జరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసి..."

"అది మనమిద్దరం కల్పించినాం. మీ రెండో నవలకి."

"కల్పించినామా" అని ఆయన కుర్చీలో కూలబడ్డారు.

ఆ నిశ్శబ్దం ఫరీన్‌కి అలవాటైనదే. దాన్ని పూడ్చడమే ఇన్నేళ్లూ ఆమె పని. ఆయనకి ఒక అమ్మనివ్వడం ఎంతసేపు? బస్సులో చూసిన ముసలమ్మలున్నారు, ఇరుగుపొరుగు తల్లులున్నారు. భోజనాల వేళకి ఒక మంచి తల్లిని తయారుచేసి పెట్టొచ్చు. ఆయనకీ ఊరట, ప్రసాద్‌కీ పుస్తకం, చదివేవాళ్లకీ కన్నీళ్లు. పెన్ను కాగితం దాకా వెళ్లింది కూడా. ఆమె దాన్ని అక్కడే పట్టుకుని ఆపుకుంది. దాహం ఆపుకున్నట్టు ఆపుకుంది. ఆయన బాధపడుతున్నాడు, తెలుస్తోంది. అయినా నోరు తెరవలేదు.

వీధిలో ఒక బండి పోయింది. వంటింట్లో కుక్కరు కూత వేసింది.

"మా అమ్మకి నేనంటే ఇష్టం లేదు" అన్నారు హజరత్తయ్య గారు.

ఆ గొంతు గంటలా లేదు. ఫరీన్ రాసుకుంది. రాశాక చెయ్యి అలవాటుగా ఆ మాటని మెత్తబరచబోయింది. పైకి కనపడనీయని ప్రేమ అనో, బతుకు కష్టం అనో ఒక ముక్క అతికించాలి. అతికించి చూసుకుంది మనసులో, తీసేసింది. ఆ వాక్యానికి ముందుగానీ వెనకగానీ దిద్దాల్సింది ఏమీ కనపడలేదు. అది ఆమె రాసేలా లేదు. ఆయన పేరుతో వచ్చిన ఏ పుస్తకంలోనూ లేదు. ఇలాంటిది అచ్చయితే, పక్కన తన నవల పెట్టి చదివినవాళ్లెవరూ రెండూ ఒక్క చెయ్యి రాసినవని అనుకోరు. ఆ సంగతి తట్టగానే ఆమె ఉలిక్కిపడి, తప్పు చేసినదానిలా తల వంచుకుంది.

"నాకు ముందొకడు పుట్టినాడు. కామాక్షయ్య" అన్నారాయన. "నడక నేర్చి, మాటలు నేర్చి పోయినాడు. తర్వాత శానా ఏళ్లకి దర్గాకి మొక్కుకుంటే నేను పుట్టినాను. అందుకే ఈ పేరు. పెట్టింది మా నాయన. మా అమ్మ ఈ పేరుతో ఒక్కసారి కూడా పిలవలా."

"మరి ఏమని పిలిచేది సార్?"

"కామాక్షీ అని. వాకిట్లో నిలబడి వాణ్ణే పిలిచేది. చివరిదాకా అంతే."

ఫరీన్ పెన్ను ఆయన వెనకే నడిచింది. ఆయన ఆగితే ఆగింది.

"మీరేం చేసేవాళ్లు?"

హజరత్తయ్య గారు వాకిలి వైపు చూశారు.

"పలికేవాణ్ణి."